అనుభవము చాలనివారు అగ్రపీఠమునకు నిలువవచ్చునా?

(మహాసభయందు చేసిన యుపన్యాసము)

 



ఆహ్వానసంఘమువారు ఈ విషయమును నాకు నిర్ణయించి పంపినపుడు, ఇది సభకొఱకు కల్పించిన ప్రశ్న కాదని నాకు వెంటనే తెలిసినది. ఉప్పల్, నాచారములలోని మన యిండ్ల వసారాలలో సాయంకాలము జరుగుచున్న వాదమే యిది. చదువుకొన్న మన యువకులు, యువతులు కొందఱు ‘పెద్దపదవికే నిలిచెదము’ అనుచున్నారు. పెద్దలు ‘ముందు వీధి దీపములసంగతి చూడుము, పిమ్మట రాజ్యముసంగతి చూతువుగాని’ యనుచున్నారు. నడుమ మన పోషకులు చందాపుస్తకము చేతబట్టుకొని, ఎవరిమాట వినవలెనో తోచక యున్నారు. కావున నేను చెప్పబోవుమాటలు ఎవరో యొకరి డబ్బుతోను, ఎవరో యొకరి జీవితముతోను ముడిపడినవను సంగతి మఱువక మాటలాడెదను.

నా యభిప్రాయమును దాచుట లేదు. నిలువవచ్చును. కాని, నిలువవచ్చుననుట రెండు నిమిషముల మాట. నిలిచినవారి ప్రక్క నెవరుండవలెననునది పెద్దమాట. నా కిచ్చిన సమయములో ఎక్కువభాగమును దానికే వినియోగించెదను.

మొదట చట్టమేమనుచున్నదో చూతము. భారతరాజ్యాంగములోని 58వ అధికరణము రాష్ట్రపతి పదవికి నిలువగోరువారు భారతపౌరులై యుండవలెననియు, 35 సంవత్సరములు నిండియుండవలెననియు, లోకసభసభ్యత్వమునకు కావలసిన యర్హతలు కలిగియుండవలెననియు, ప్రభుత్వముక్రింద లాభదాయకమైన యుద్యోగము చేయుచుండరాదనియు చెప్పుచున్నది. రాజకీయానుభవమును గూర్చి యొక్కమాటయు లేదు. 1997 నుండి 50 మంది ప్రతిపాదకులును, 50 మంది బలపఱచువారును కావలెనను నియమము వచ్చినది గాని, అదియు అనుభవమునకు కొలబద్ద కాదు. ఊరకే పేరుకొఱకు నామపత్రము వేయువారిని ఆపుటకు పెట్టిన గడప మాత్రమే. ముఖ్యమంత్రి విషయమున రాజ్యాంగము ఇంకను ఉదారముగా నున్నది. 164వ అధికరణముప్రకారము శాసనసభలో సభ్యుడు కానివాడును మంత్రి కావచ్చును. ఆఱునెలలలో సభ్యుడయిన చాలును. రాజ్యాంగము వ్రాసిన పెద్దలు అనుభవముయొక్క విలువ తెలియనివారు కారు. దానిని తూచు పనిని చట్టమున కీయక, ఓటువేయువారికి విడిచిపెట్టిరి.

తెలుగు కుటుంబములలో పుట్టి రాష్ట్రపతిపీఠము నధిష్ఠించినవారు ముగ్గురు. వారిలో మొదటివారగు సర్వేపల్లి రాధాకృష్ణగారు ప్రజల యోటు నడిగి ఎన్నికలలో నిలిచినవారు కారు. తత్త్వశాస్త్రోపాధ్యాయులు, 1931 నుండి 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు, పిమ్మట మాస్కోలో రాయబారి. 1952 నుండి పదియేండ్లు ఉపరాష్ట్రపతిగా రాజ్యసభను నడపిన తరువాతనే 1962లో రాష్ట్రపతి యయిరి. రాజకీయములు తెలియని పంతులుగారికి పట్టము గట్టిరని కొందఱనుకొందురు. ఆ పదియేండ్ల శిక్షణమును వారు లెక్కలో వేయరు.

కోకా సుబ్బారావుగారి కథ వేఱు. రాజమహేంద్రవరమువారు, ఆంధ్ర ఉన్నతన్యాయస్థానమునకు మొదటి ప్రధానన్యాయమూర్తి, పిమ్మట భారతదేశ ప్రధానన్యాయమూర్తి. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ వ్యాజ్యమున, పౌరుల ప్రాథమికహక్కులను పార్లమెంటు సయితము తగ్గింపజాలదని తీర్పు వెలువరించినది వారి నాయకత్వముననే. ఆ యేప్రిల్‌లో పదవికి రాజీనామా యిచ్చి, ప్రతిపక్షముల యభ్యర్థిగా రాష్ట్రపతిపదవికి నిలిచిరి. అంతకుముందు వారికి ఏ పార్టీ అనుభవమును లేదు. మే నెలలో జాకీర్ హుస్సేనుగారికి 4,71,244 విలువగల యోట్లును, సుబ్బారావుగారికి 3,63,971 విలువగల యోట్లును వచ్చెను. ఓడిపోయిరి. కాని అది చిన్నచూపు చూడదగిన ఓటమి కాదు. ఆనాడు వారిపై వచ్చిన విమర్శయంతయు ‘న్యాయపీఠమునుండి నేరుగా రాజకీయములోనికి దిగవచ్చునా’ యనియే. ‘ఈయనకు చేతకాదు’ అని పలికినవారు అరుదు. ఆ మొదటి విమర్శలో బలమున్నదని నాకు తోచుచున్నది. న్యాయమూర్తి దిగివచ్చి ఓటడిగినచో, అంతకుముందు చెప్పిన తీర్పులను జనులు మఱల తీసి చదువుట మొదలిడుదురు. అనుభవములేమికంటె, ఏ గుమ్మమునుండి వచ్చుచున్నాడనునదే అచ్చట ప్రశ్న యయినది.

ఇక అనుభవమునకు లోటులేని యిద్దఱు తెలుగువారు 1969లో ఒకరి నొకరు ఎదుర్కొనిరి. నీలం సంజీవరెడ్డిగారు ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రి, కాంగ్రెసుకు అధ్యక్షులుగా పనిచేసినవారు, లోకసభకు సభాపతి. వరాహగిరి వేంకటగిరిగారు కార్మికనాయకులు, కేంద్రమంత్రి, మూడు రాష్ట్రములకు గవర్నరు, ఉపరాష్ట్రపతి. అధికారపార్టీ నిలువబెట్టిన సంజీవరెడ్డిగారు, స్వతంత్రాభ్యర్థియగు గిరిగారి చేతిలో రెండవ ప్రాధాన్యపుటోట్ల లెక్కలో ఓడిపోయిరి. మఱల 1977లో ఆ సంజీవరెడ్డిగారే పోటీలేకుండ ఎన్నికయిరి. 1979లో ప్రధానమంత్రి చరణ్ సింగ్ లోకసభ నెదుర్కొనకయే రాజీనామా యిచ్చినపుడు, జగజ్జీవన్ రామ్‌గారికి అవకాశమీయక సభను రద్దుచేసిరని వారిపై వచ్చిన నింద యింతింత కాదు. ముఖ్యమంత్రి, సభాపతి, పార్టీయధ్యక్షుడు – ఇన్ని గద్దెలెక్కి దిగినవారికిని ఆ దినమున తోడ్పడు పూర్వానుభవమేదియు లేకపోయెను. కొన్ని చిక్కులు ఎవనికైనను మొదటిసారియే వచ్చును.

అయినను రాష్ట్రపతి సామాన్యముగా మంత్రివర్గపు సలహాపై నడచువారు. అచ్చట అనుభవము చాలకున్నను రాజ్యము ఆగదు. ముఖ్యమంత్రిపీఠము అట్టిది కాదు. తెల్లవాఱినది మొదలు బియ్యము, నీరు, ఉద్యోగులు, అప్పులు, పోలీసులు – అన్నియు ఒకని సంతకముకొఱకు కాచియుండును. అనుభవపుప్రశ్న నిజముగా కొఱుకుడుపడనిది అచ్చటనే. దానికి ఉదాహరణము వెదుకుకొనుచు మనము ఎంతోదూరము పోనక్కఱలేదు. నాచారమున రామకృష్ణా హార్టికల్చరల్ సినీ స్టూడియో యనిన తెలియనివారు మనలో తక్కువ. ఆ స్టూడియో కుటుంబపు యజమాని నందమూరి తారకరామారావుగారినిగూర్చియే నేను చెప్పబోవుచున్నాను.

1982 మార్చి 29వ తేదీన ఆయన క్రొత్తపార్టీని ప్రకటించునాటికి ఆయనకు ఏబదితొమ్మిదవయేడు నడచుచుండెను. యౌవనమున సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో కొలదివారములు చేసిన కొలువుతప్ప ప్రభుత్వమనునది ఎట్లుండునో లోపలినుండి చూచినవారు కారు. పంచాయతీకిగాని, పురపాలకసంఘమునకుగాని ఎన్నడును పోటీచేయలేదు. దివిసీమ యుప్పెనవంటి విపత్తులలో జోలెపట్టి విరాళములు కూర్చిన సేవ మాత్రము కలదు. ఆనాడు అనుభవజ్ఞులు నవ్విరి. రంగువేసికొన్నంత సులభముగా రాజ్యమేలవచ్చుననుకొనుచున్నాడనిరి. కాని ఆ నవ్వినవారు ఎట్టిస్థితిలో నుండిరో కూడ చూడవలెను. 1978 నుండి 1983 వఱకు అయిదేండ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డిగార్లు నలుగురు ముఖ్యమంత్రులు మాఱిరి. నలుగురును రాజకీయములలో పండినవారే. ఢిల్లీనుండి పిలుపువచ్చిన పదవి, ఢిల్లీనుండి పిలుపువచ్చిన దిగుట. అనుభవమంతయు గలవారు అయిదేండ్లు ఒకరును కుదురుగా కూర్చుండజాలనపుడు, జనులు అనుభవమనుమాటకే వెల తగ్గించిరి. తొమ్మిదినెలలు చైతన్యరథమెక్కి ఊరూర తిరిగిన క్రొత్తవానికి 294 స్థానములలో రెండువందలకు పైబడి యిచ్చిరి. 1983 జనవరి 9వ తేదీన లాల్ బహాదుర్ స్టేడియములో ఆయన ప్రమాణస్వీకారము చేసెను. ఆయనతో సభలో అడుగిడినవారిలో పెక్కురు మొదటిసారి గెలిచినవారే.

అనుభవములేమి వెంటనే కనబడినది. నెల తిరుగకమునుపే, ఆ ఫిబ్రవరిలో, ప్రభుత్వోద్యోగుల పదవీవిరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించిరి. యువకులకు ఉద్యోగము లిచ్చుటకని చెప్పిరి. ఒక్కనాడు వేలాదిమంది ఇంటికి పోయిరి. కూతురి పెండ్లి నిశ్చయము చేసికొన్నవారు, ఇల్లు సగముకట్టినవారు అందులో నుండిరి. సర్వోన్నతన్యాయస్థానము 1985 జనవరిలో తగ్గించుట చెల్లుననియే చెప్పెను. కాని అంతకుముందే 1984 ఆగస్టులో వయస్సును మఱల 58కి పెంచిరి. నడుమ ఇంటికి పోయినవారిని తిరిగి కొలువులోనికి తీసికొనవలెనని అదే న్యాయస్థానము 1985లోనే మఱియొక తీర్పున చెప్పవలసివచ్చెను. పాతకాపు ఎవడైనను ఆ కాగితముపై చేవ్రాలు చేయుటకుముందు ఆర్థికశాఖను, ఉద్యోగసంఘములను పిలిచియుండును. క్రొత్తవాడు తలచినదే తడవుగా చేసెను.

కాని ఆ క్రొత్తదనమే చేసిన మేలును కూడ లెక్కించవలెను. కిలో రెండురూపాయల బియ్యము సాధ్యము కాదని లెక్కలుగట్టి చెప్పగలవారు ఆనాడు అనుభవజ్ఞులలో ఎందఱో యుండిరి. 1983లోనే అది ఆరంభమయ్యెను. తరతరములుగా వంశపారంపర్యముగా వచ్చుచున్న కరణము, మునసబు పదవులను 1984లో తీసివేసిరి. గ్రామములలో మనవంటివారు ఆ కచేరీయరుగు నెక్కుటకు ఎంత జంకెడివారో పెద్దలకు జ్ఞాపకముండును. తాలూకాల స్థానమున మండలములు వచ్చెను. ఆడబిడ్డలకు పుట్టినింటియాస్తిలో సమానభాగమిచ్చు చట్టము 1986లో వచ్చెను. దేశమంతటికి అట్టి చట్టము 2005లో గాని రాలేదు. ఆ కరణపు పదవులను ముట్టుకొన్నచో ఓట్లు పోవునని పాతవారికి అనుభవము నేర్పియుండెను. ఈయనకు ఆ పాఠము చెప్పినవారు లేరు.

ఇప్పుడు నేను ముఖ్యమనుకొన్న భాగమునకు వచ్చుచున్నాను. 1984 ఆగస్టులో అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని ఆయన తిరిగివచ్చిన రెండుదినములకే, 16వ తేదీన, గవర్నరు రామ్‌లాల్ ఆయనను పదవినుండి తొలగించెను. ఆ స్థానమున కూర్చున్న నాదెండ్ల భాస్కరరావుగారు ఆయన మంత్రివర్గములోని ఆర్థికమంత్రి. అంతకుముందు కాంగ్రెసు ప్రభుత్వములో మంత్రిగానుండి వచ్చినవారు. అనగా పార్టీకి అనుభవపుకొఱతను తీర్చుటకు ప్రక్కన నిలిచినవారు. క్రొత్తవానికి అనుభవజ్ఞుడు తోడుండవలెనని మనము ఊరకే చెప్పుచుందుము. ఆ తోడు ఎవరికి విధేయుడో చూచుకొనవలెనని చెప్పుట మఱచిపోవుదుము. అయినను ఏమి జరిగెను? శాసనసభ్యులలో అధికసంఖ్యాకులు కదలలేదు. రామకృష్ణా స్టూడియోలో బసచేసిరి; ఢిల్లీకి పోయి రాష్ట్రపతి జైల్ సింగ్ ఎదుట నిలిచిరి; కర్ణాటకములో తలదాచుకొనిరి. ముప్పదియొక్క దినములు గడచినపిమ్మట, సెప్టెంబరు 16వ తేదీన, ఆయనయే తిరిగి ముఖ్యమంత్రి యయ్యెను. పంతొమ్మిది నెలల యనుభవముమాత్రమే గల మనుష్యుడు పోయిన రాజ్యమును తిరిగి దక్కించుకొన్నాడు.

దీని ప్రక్కన 1995ను పెట్టి చూడుడు. అప్పటికాయన మూడు పర్యాయములు ఎన్నికలలో గెలిచినవాడు, ఒకసారి ఓడినవాడు, నేషనల్ ఫ్రంటునకు అధ్యక్షుడు. 1994 డిసెంబరులో మునుపటికంటె అధికబలముతో వచ్చెను. అనుభవమున కేమి కొదువ? తొమ్మిదినెలలు నిండకమునుపే శాసనసభ్యులు ట్యాంకుబండు చెంత వైస్రాయ్ హోటలులో చేరిరి. సెప్టెంబరు 1వ తేదీన ఆయన యల్లుడు నారా చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. ఈసారి ముప్పదియొక్క దినములు కాదు, ఎన్నటికిని ఆ పీఠము తిరిగిరాలేదు. 1996 జనవరి 18వ తేదీన ఆయన కాలధర్మము చెందెను.

అనుభవము లేనినాడు నిలిచినవాడు, అనుభవము నిండినవాడై పడిపోయెను. దీనికి కుటుంబకారణములు చెప్పువారున్నారు, డబ్బు కారణమనువారున్నారు. ఆ వాదములోనికి నేను దిగను. నాకు కనబడున దేమనగా, నడుమనున్న యేండ్లలో ఆయన మాట వినువారు పెరిగిరి, ఆయనకు మాట చెప్పగలవారు తగ్గిరి. 1989 ఫిబ్రవరిలో మంత్రివర్గమునంతటిని ఒక్కపెట్టున తొలగించెను. మొదటియేట చేసిన తప్పు తొందరపాటు. ఏడవయేట చేసినది ఒంటరితనము. తొందరపాటును న్యాయస్థానములు, సహచరులు, ఓటర్లు దిద్దగలిగిరి. రెండవదానిని దిద్దుట కెవరికిని చేతకాలేదు. ఆ యేటి యెన్నికలలో ఆయన కల్వకుర్తిలో స్వయముగా ఓడిపోయెను.

నాచారము పారిశ్రామికవాడలో జీవితమంతయు గడపిన పెద్దయొకరు ఈ విషయముమీద నాతో వాదించుచు, ‘లేతుయంత్రముముందు నిన్నవచ్చినవానిని నిలువబెట్టుదుమా? వ్రేలు తెగదా?’ అనిరి. మంచిప్రశ్నయే. కాని కార్ఖానాకు యజమానియగువాడు లేతు త్రిప్పనక్కఱలేదు. ఎవనికి లేతు వచ్చునో, ఎవడు వచ్చునని బొంకుచున్నాడో పసిగట్టవలెను. ఇనుము ధర, అప్పుపై వడ్డీ తెలియవలెను. పనివాడు ‘అయ్యా, ఈ కొలత తప్పు’ అన్నపుడు కోపగించుకొనకుండ కాగితము మఱల చూడవలెను. ఇవి యేండ్లు గడచినంతమాత్రమున వచ్చు గుణములయినచో, నాచారములో మూతబడిన కార్ఖానాలు ఇన్ని యుండవు.

ఇతరదేశముల ముచ్చట యొక్కటి చెప్పి విడిచెదను. అమెరికాలో 1857లో అధ్యక్షుడైన బుకానన్ ప్రతినిధిసభలో, సెనేటులో, విదేశాంగశాఖలో, రాయబారిపదవులలో నలిగిన మనుష్యుడు. దేశము చీలిపోవుచుండగా చేతులు ముడిచికొని చూచెనని అపకీర్తి పొందెను. అతని తరువాత వచ్చిన లింకన్‌కు కాంగ్రెసులో రెండేండ్ల సభ్యత్వముమాత్రమే యుండెను. ఒబామా 2005లో సెనేటులో ప్రవేశించి, రెండేండ్లు కాగానే అధ్యక్షపదవికి నిలిచి, 2009లో పీఠమెక్కెను. ఇంకను కొన్నియేండ్లాగుమని ఆయనకును చెప్పినవారున్నారు.

మన చెంతకు వచ్చిన, ఉప్పల్ భాగముగానున్న మల్కాజిగిరి నియోజకవర్గమునుండి 2019లో లోకసభకు గెలిచిన రేవంత్ రెడ్డిగారు, 2023 డిసెంబరు 7వ తేదీన అదే లాల్ బహాదుర్ స్టేడియములో ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. వారును అంతకుముందు ఎన్నడు మంత్రిగా పనిచేసినవారు కారు. అయితే 2006లో జడ్పీటీసీ సభ్యత్వముతో మొదలిడి శాసనమండలి, శాసనసభ, లోకసభ – అన్నియు మెట్లెక్కి, నడుమ 2018లో ఓడి వచ్చినవారు. వారి పాలననుగూర్చి ఈ వేదికపై తీర్పు చెప్పుట నా పని కాదు. మంత్రిపదవి యొక్కటియే అనుభవము కాదనుటకు మాత్రము వారిని తలచుకొంటిని.

ఇక మెట్లసంగతి. ‘ముందు వార్డు చూచుకొమ్ము’ అను పెద్దలను నేనొక ప్రశ్న వేయుదును: ఆ వార్డు ఎక్కడ నున్నది? 2007 వఱకు ఉప్పల్ కలాన్ ఒక పురపాలకసంఘము, కాప్రా యొక పురపాలకసంఘము. వాని కౌన్సిలర్లు, అధ్యక్షులు వేఱు. ఆ సంవత్సరము అవి మహానగరపాలకసంస్థలో కలిసిపోయెను. ఎందఱో కౌన్సిలర్లు కూర్చున్నచోట నలుగురయిదుగురు కార్పొరేటర్లు మిగిలిరి. ఒక కార్పొరేటరు పదవికి కావలసిన డబ్బు పూర్వము ఒక పట్టణమంతటికి సరిపోయెడిది. క్రిందిమెట్టును తీసివేసి, పిల్లవానిని ‘మెట్టుమెట్టుగా ఎక్కుము’ అనుట న్యాయమా? మనవంటి చిన్నసంఘములకు ఇది మఱింత పీడ. అనుభవము లేదని టిక్కెట్టు ఈయరు. టిక్కెట్టు ఈయనందున అనుభవము రాదు. మెట్లుండినచో ఎట్లుండునో ద్రౌపదీ ముర్ముగారిని చూడుడు. 1997లో ఒడిస్సాలోని రాయరంగపురమున కౌన్సిలరుగా మొదలయి, శాసనసభ్యురాలు, మంత్రి, ఝార్ఖండు గవర్నరు అయి, 2022లో రాష్ట్రపతి యయిరి. ఆ తొలిమెట్టు లేకున్నచో సంతాలు కుటుంబపు ఆడబిడ్డకు మిగిలిన మెట్లు ఎక్కడివి?

కావున పోషకమహాశయులకు నా విన్నపము. రేపు మన పిల్లలలో ఒకరు మీ గుమ్మముముందు నిలిచి పెద్దపదవికి పోటీచేసెదనన్నచో, ‘నీ వయస్సెంత, నీ వెనుక నెవరు’ అని యడిగి పంపివేయకుడు. ఒకపూట కూర్చుండబెట్టుడు. ప్రభుత్వపు బడ్జెటుపుస్తకమిచ్చి, ఉప్పల్ రహదారికి డబ్బు ఎచ్చటనుండి వచ్చునో చూపుమనుడు. తనకు నచ్చని సలహా చెప్పిన మిత్రుని పేరొకటి చెప్పుమనుడు. ఆ మిత్రుడు ఇంకను అతనితో నున్నాడా యని విచారింపుడు. తన లెక్కలు వ్రాయువాడెవడో, అతడు ఎవరి మనిషియో కనుగొనుడు. ఆడబిడ్డయైనచో, ఆమె తరఫున మాటలాడుటకు భర్తయో మామయో ముందు కుర్చీలో కూర్చుండినచో, వారిని బయట టీ త్రాగుచుండుమని పంపి ఆమెతోనే మాటలాడుడు. ఇన్ని జరిగినపిమ్మట మనసు కుదిరినచో చందా యిండు. మన కులమువాడను నొక్క కారణముచేత మాత్రము ఈయకుడు. ఫ్లెక్సీలమీద పోసిన సొమ్ముతో ఇట్టి పిల్లలు పదిమందికి ఏడాదిపొడవునను శాసనసభాచర్చలు, పురపాలకచట్టములు నేర్పింపవచ్చును. ఆ పాఠశాలకు మన సంఘభవనపు మేడమీది గది చాలును. సాయంకాలములు అది ఖాళీగానే యున్నది.

ఆ గదికి బల్లలు, దీపములు సమకూర్చుటనుగూర్చి కార్యదర్శిగారు మధ్యాహ్నపు సమావేశములో తీర్మానము ప్రవేశపెట్టనున్నారు. నా సమయమును మించి మాటలాడితిని. విద్యార్థివసతిగృహమునుగూర్చి మాటలాడవలసిన వారు లేచి నిలిచియున్నారు.